రక్తంలో ఎముక కట్టే కణాలు

ఎముక అనగానే మనకు జ్ఞాపకం వచ్చేది లాబొరేటరీలో వేలాడే అస్థిపంజరం. అది చచ్చిన ఎముక. బతికున్న ఎముక ఒకవైపు కరుగుతూ, ఒకవైపు కట్టుకుంటూ వుంటుంది. కరిగించేవి ఆస్టియోక్లాస్టులు, ఇవి రక్తకణాల వంశంలోవే. కట్టేవి ఆస్టియోబ్లాస్టులు. ఇవి మాత్రం ఊరు కదలని రకమనీ, మూలుగలోనూ ఎముక పైపొరలోనూ పుట్టి అక్కడే పనిచేస్తాయనీ పాఠ్యపుస్తకాలు చెబుతూ వచ్చాయి. మరి ఇవి గడప దాటి రక్తంలోకి వస్తాయా? నేనిక్కడ ఎత్తుకున్న ప్రశ్న ఇదే.

మూలుగలో ఎముకగా మారగల కణాలున్నాయని 1960లలో మాస్కోలో ఫ్రీడెన్‌స్టైన్ చూపించాడు. వాటిని పట్టే పద్ధతి చాలా తేలిక. పళ్లెంలో పోసి వుంచితే అవి అడుగుకు అంటుకుంటాయి. అంటుకోని వాటిని కడిగి పారబోస్తారు. 2001లో కుజ్నెత్సోవ్, ఆయన సహచరులు ఇదే పద్ధతిలో చిట్టెలుక, కుందేలు, గినీపిగ్, మనిషి రక్తాలను పరీక్షించారు. అంటుకునే కణాలు దొరికాయి, కొన్ని ఎముక కూడా కట్టాయి. కాని మనిషి రక్తంలో అవి బహు అరుదు.

ఇక్కడితో కథ ముగిసేదే. అయితే 2005లో అమెరికాలోని మేయో క్లినిక్ వాళ్లు ఆ పారబోసేదాన్నే పట్టి చూశారు! ఆస్టియోబ్లాస్టులు తయారుచేసే ఆస్టియోకాల్సిన్ అనే ప్రోటీన్‌ను గుర్తుగా పెట్టుకుని, రంగు తగిలించిన యాంటీబాడీలతో, ఫ్లో సైటోమీటర్‌లో లెక్కించారు. పెద్దవాళ్ల రక్తంలోని ఏకకేంద్రక కణాల్లో ఆ గుర్తు వున్నవి నూటికి ఒకటి రెండు తేలాయి. ఏపుగా ఎదిగే వయసు కుర్రాళ్లలో దాదాపు అయిదు రెట్లు! ఎముక విరిగినవాళ్లలోనూ పెరిగాయి. పుత్తూరు కట్టు కట్టినా, ప్లాస్టర్ వేసినా, అతికించేది మన కణాలే కదా.

నాకు ఇందులో ఆసక్తి కలిగించింది అంకెలకన్నా, పద్ధతి మారగానే అంకె మారడం. అయినా ఒక అనుమానం మిగులుతుంది. గుర్తున్న కణమల్లా మూలుగలోని ఎముక వంశంలోదేనా? 2009లో వచ్చిన ఒక పరిశోధన ఈ అనుమానాన్ని ఇంకా పెంచింది. కండలు క్రమంగా ఎముకగా మారిపోయే ఒక అరుదైన జన్యువ్యాధి వుంది. మెడ తిరగదు, దవడ తెరుచుకోదు, మనిషి తన ఒంట్లోనే బందీ అవుతాడు. ఆ రోగుల్లో కొత్తగా ఎముక పుడుతున్న చోట, రక్తం నుంచి వచ్చిన ఎముక కట్టే కణాలు కనిపించాయి. వాటి మీద వున్న ముద్ర మాత్రం రక్తకణాల వంశానిది.