వివాహమునకు ముందు విప్పవలసిన మూట

పఠింపవలసిన భాగములు: 1 సమూయేలు 25:2–38, అపొస్తలుల కార్యములు 5:1–11, 18:1–3

సూరత్ నగరమునుండి నవసారికి పోవు మార్గములో, భేస్తాన్‌కును సచిన్‌కును నడుమ ఉన్ అను ప్రాంతము కలదు. మరమగ్గముల పనికై తెలంగాణ జిల్లాలనుండి సూరత్‌కు తరలివెళ్లిన తెలుగు కుటుంబములు అనేకములు. మగ్గము నడుపువానికి నేసిన మీటర్ల లెక్కను కూలి. మగ్గము ఆగిన దినమున కూలి లేదు. స్త్రీలలో పలువురు ఇంటియొద్దనే చీరలకు రాళ్లు అంటించి, చీర కింత చొప్పున సంపాదింతురు. ఉన్‌లో నివసించు అట్టి క్రైస్తవ యువతీయువకులను ఇద్దరిని ఊహింపుడి. వారికి ప్రధానము జరిగినది. ఒకరినొకరు ప్రేమించుచున్నారు. అయినను సొమ్ము ప్రస్తావన వచ్చినప్పుడెల్ల మాట పెరుగుచున్నది.

అతడు పగారు అందిన దినముననే సగము స్వగ్రామమునకు పంపును. తండ్రి చేమగ్గము మూలబడిన నాటినుండి ఆ ఇంటికి అతడే ఆధారము. ఆమె చీటీ కట్టుచు, గది అడ్వాన్సుకై రూపాయి రూపాయి కూడబెట్టుచున్నది. 2020 మార్చిలో దేశమంతట లాక్‌డౌన్ విధింపబడి మగ్గములు నిలిచిపోయినప్పుడు తమ ఇంట బియ్యము నిండుకొనిన సంగతిని ఆమె మరువలేదు. అతని దృష్టికి ఆమె లోభి. ఆమె దృష్టికి అతడు దుబారా చేయువాడు. నిజమునకు కన్నవారిని విడిచినవాడనగుదునేమో అని అతడు భయపడుచున్నాడు. మరల ఆకలి చూడవలసివచ్చునేమో అని ఆమె భయపడుచున్నది. ఇంతేగాక, చెల్లెలి పెండ్లికై తాను వడ్డీకి తెచ్చిన అప్పు సంగతిని అతడు ఆమెకు ఇంకను చెప్పలేదు.

ఏకాభిప్రాయము చాలునా?

ఇట్టివారికి పెద్దలు సాధారణముగా చెప్పు బుద్ధి ఒకటే: ఇద్దరును ఏకమనస్కులై యుండుడి. ఇది మంచి మాటయే గాని చాలినది కాదు. ధనవిషయములో పూర్తిగా ఏకీభవించిన దంపతులు అననీయ సప్పీరలు. పేతురు సప్పీరను ప్రశ్నించుచు వారి ఒడంబడికను గూర్చి పలికిన గ్రీకు క్రియ సుంఫోనెయో. కలిసి ఒక్క స్వరమగుట దాని మూలభావము. ఇద్దరు ఏకీభవించి ప్రార్థించుటను గూర్చి ప్రభువు చెప్పినచోటను (మత్తయి 18:19), యజమానుడు కూలివారితో దినమునకు దేనారము ఒడబడినచోటను (మత్తయి 20:2) ఆ క్రియయే వాడబడినది. కావున ఒకే స్వరము ప్రార్థనకును పనికివచ్చును, అబద్ధమునకును పనికివచ్చును. ఆ దంపతుల పాపము పొలము ధరలో కొంత ఉంచుకొనుట కాదు. ఆ సొమ్ము వారి స్వాధీనములోనిదే అని పేతురు ఒప్పుకొనెను. దాచి, అంతయు ఇచ్చినట్లు కనబడుటయే వారి పాపము.

నాబాలు అబీగయీలులైతే ధనవిషయములో ఎంతమాత్రమును ఏకీభవింపలేదు. మూడు వేల గొఱ్ఱెలు, వెయ్యి మేకలు గల నాబాలు దావీదు మనుష్యులకు రొట్టె ఇయ్య నిరాకరించెను. అబీగయీలు రెండువందల రొట్టెలు మొదలైనవి త్వరగా సిద్ధపరచి తీసికొనిపోయి ఆ ఇంటిని కాపాడెను. ఆ రాత్రి భర్త త్రాగి మత్తుడై యుండుటచేత ఆమె ఏమియు చెప్పలేదు. తెల్లవారి మత్తు తగ్గిన వెంటనే సమస్తమును తెలిపెను. తగిన గడియకొరకు ఆగుట వేరు, దాచుట వేరు.

కాగితము చాలునా?

1751లో జాన్ వెస్లీ మేరీ వాజెయిల్ అను విధవరాలిని వివాహమాడెను. ఆమెకు 10,000 పౌనుల ఆస్తి యుండెను. అది ఆమెకును ఆమె పిల్లలకునే చెందునట్లు వెస్లీ ముందుగానే ఏర్పాటు చేయించెను. ధనమును గూర్చి కలహమునకు తావులేకుండ చేసినను ఆ కాపురము నిలువలేదు. అతని ఎడతెగని ప్రయాణములును, అతని ఉత్తరములను గూర్చిన ఆమె అనుమానములును వారిని వేరుచేసెను. 1781లో ఆమె మరణించునప్పటికి వారు కలిసియుండలేదు. మన దేశమున 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టము క్రైస్తవ భార్య స్వార్జితము ఆమెదేయని నిర్ణయించినది. ఇది న్యాయమైన రక్షణ. అయితే హృదయమును విప్పి చెప్పుకొనుట చట్టము చేయగల పని కాదు.

చేయవలసినది

క్లౌదియ చక్రవర్తి ఆజ్ఞచేత రోమా విడిచి కొరింథునకు వచ్చిన అకుల ప్రిస్కిల్లలు డేరాలు కుట్టి జీవించిరి. పరస్థలమున చేతిపనిచే బ్రదుకు జంట వారు. తరువాత వారి ఇంటనే సంఘము కూడుచుండెను. వారివలె జీవింపగోరువారు పగారు దినము గాక, అలసట లేని మరియొక దినమున కూర్చుండి, ప్రార్థించి, నాలుగు సంగతులు కాగితముపై వ్రాయవలెను: రాబడి ఎంత, అప్పు ఎంత, కన్నవారికి పంపవలసినది ఎంత, దేవునికి ప్రత్యేకింపవలసినది ఎంత. దీపావళి తరువాత మగ్గములు మూయబడు దినములకై కొంత తీసియుంచవలెను. పిమ్మట తాను దేనికి భయపడుచున్నాడో ఒక్కొక్కరు చెప్పవలెను. రెండవవారు అడ్డుపడక వినవలెను.

వివాహ ప్రకటన సంఘములో చదువబడునప్పుడు అభ్యంతరమేమైన గలదా అని అడుగుదురు. అప్పు సంగతి అక్కడ ఎవరును అడుగరు. ఉన్‌లోని ఆ యువకుడు తానే దానిని చెప్పవలెను. చెప్పినయెడల ఆమె దుఃఖింపవచ్చును, పెండ్లి కొన్ని నెలలు ఆగవచ్చును, ఆగిపోవనువచ్చును. అయినను దాచి పెండ్లాడుటకంటె ఇది మేలు. అతడు చెప్పిన తరువాత ఆమె నిలిచినయెడల, ఎరిగి నిలిచినదై యుండును.

ఆలోచించుడి

1. సొమ్మును గూర్చి మీ ఇంట మీరు నేర్చుకొనిన భయమేది?
2. మీ జతవారికి చెప్పక దాచిన అప్పుగాని పొదుపుగాని కలదా?
3. మీరు ఏకీభవించిన సంగతులలో దేవుని యెదుట చెప్పజాలనిది ఏదైన కలదా?

ప్రార్థన: ప్రభువా, మా చేతిలోని సొమ్మును, మా హృదయములోని భయమును నీవెరుగుదువు. ఒకరియెదుట ఒకరము సత్యము పలుకుటకు మాకు ధైర్యమును, దానిని వినుటకు దయను అనుగ్రహింపుము. ఆమేన్.