కొల్లేటి యాత్ర

స్విట్జర్లాండునందు ఆల్ప్సు పర్వతముల నడుమ 1914లో ఒక జాతీయోద్యానము స్థాపింపబడినది. అచ్చటికి పోవువారు గుర్తువేసిన బాటను విడువరాదు, పువ్వు కోయరాదు, కుక్కను వెంట గొనిపోరాదు. మన డెల్టాసీమలో మంచుకొండలు లేవు. అయినను అట్టి మర్యాదతో చూడదగిన తావు మనకును ఒకటి కలదు. అది కొల్లేరు.

విజయవాడనుండి గుడివాడ మీదుగా భీమవరము పోవు రైలెక్కి కైకలూరున దిగినచో ఆటపాక పక్షికేంద్రము సమీపముననే యున్నది. అయితే బయలుదేరుటకు మునుపు విద్యార్థులు పటము ముందుంచుకొని ఒక పని చేయవలెను. మైలవరము ప్రాంతపు కొండలలో పుట్టిన బుడమేరును వ్రేలితో వెంబడింపవలెను. వెలగలేరు వద్ద దాని నీటిని కృష్ణలోనికి మళ్లించు కాలువ యున్నది. తక్కిన నీరు విజయవాడను ఒరసికొని పోయి కొల్లేట కలియును. ఏలూరు వైపునుండి తమ్మిలేరును అందే చేరును. ఇంత నీరును సముద్రమునకు పోవుటకు ఉప్పుటేరే దారి. 2024 సెప్టెంబరు ఆరంభమున సింగ్‌నగర్‌లో ఇల్లు మునిగిన పిల్లలు మా తరగతులలో నున్నారు. ఆ బుడమేరే యిది యనగానే వారి వ్రేళ్లు పటముపై నిలిచిపోయినవి.

వరదను పట్టియుంచి మెల్లగా విడుచు పళ్లెమువంటిది కొల్లేరు. ఆ పళ్లెమును చేపలచెరువుల గట్లు చాలవరకు ఆక్రమించినవి. 1999లో సుమారు 308 చదరపు కిలోమీటర్ల మేర అభయారణ్యముగా ప్రకటింపబడినది. అరణ్యము లేనిచోట అభయారణ్యమేమని ఒక బాలుడు మమ్మడిగెను. ఆ పదమున ముఖ్యమైనది అభయమని చెప్పితిమి. 2002లో రామ్సారు ఒడంబడిక జాబితాలో చేరినది. 2006లో ప్రభుత్వమువారు అనేక గట్లను తెగగొట్టించిరి. ఆ చెరువులపై బ్రదుకు లంకగ్రామముల బీదలకు అది కష్టకాలము. ఆ మాట దాచి పక్షులనే పొగడుట న్యాయము కాదని మా యభిప్రాయము.

ఇక పక్షులు. నవంబరు మొదలు మార్చివరకు చూచుటకు తగిన కాలము. ఎఱ్ఱకాళ్ల కొంగలును కలవు గాని పిల్లల కన్నులు గూడకొంగలమీదనే నిలుచును. చేనికి నీరు తోడు గూడవంటి సంచి ముక్కుక్రింద నుండుటచే ఆ పేరు దానికి చక్కగా తగియున్నది. రెక్కలు చాచినచో 2 మీటర్లకు మించును. అది నీటిపై ఈదుచునే చేపలను సంచితో తోడుకొనును. కూనలు తల్లిగొంతులోనికి తల దూర్చి ఆహారము తినును. ఇచ్చట నీటినడుమ నిలిపిన ఇనుపమంచెలపై గూళ్లు కట్టుకొనుచున్నవి.

ఒక యాత్రలో మావాడొకడు పక్షులెగురుట చూడగోరి పడవలో లేచి చప్పట్లు చరచెను. తెల్లని మేఘమువలె అవి లేచినవి. అందరును కేరింతలు కొట్టిరి. అంతలో ఒక కాకి ఖాళీగూటిపై వ్రాలి గుడ్డును పొడిచెను. పడవ నడుపు పెద్దాయన ఏమియు ననక మమ్ము గట్టువైపు త్రిప్పెను. ముందుగా హెచ్చరింపని తప్పు మాదే. అప్పటినుండి గూళ్లకు దూరముననే పడవ నాపింతుము, దుర్భిణితో చూతుము.

ఈ యేడును జనవరిలో పోవుదుము. రాదలచినవారు తలిదండ్రుల యనుమతిపత్రము, టోపీ, నీళ్లసీసా, నోటుపుస్తకము తీసికొని రావలెను. మెరయు రంగుల బట్టలు వలదు.