పాత బండి కొనొచ్చా? కాగితం ముందు, ఇంజన్ తర్వాత

ప్రశ్న: మాది భిలాయి, ఖుర్సీపార్. మా నాన్నగారి కాలంలో శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాం. మా అబ్బాయికి ప్లాంటులో ఒక కాంట్రాక్టరు కింద పని దొరికింది. షిఫ్టు డ్యూటీ, రాత్రిళ్లు కూడా వెళ్లాలి కాబట్టి బండి తప్పదు. మాకు తెలిసిన పెద్దాయన ఒకరు రిటైరై, క్వార్టర్ ఖాళీ చేసి సొంత ఊరు వెళ్లిపోతున్నారు. ఆయన స్ప్లెండర్ ప్లస్ 2013లో రిజిస్టరైంది, సీజీ 07 నంబరు. 25 వేలకి ఇస్తానంటున్నారు. కొత్తది తీసుకుంటే ఆన్‌రోడ్ 90 వేల దాకా అవుతుందట. చేతిలో 30 వేలకు మించి లేవు. పదిహేనేళ్లు దాటితే తుక్కే, వద్దంటాడు మా తమ్ముడు. అప్పు చేసి కొత్తది ఎందుకంటుంది మా ఆవిడ. ఏం చేయమంటారు?

జవాబు: కొనండి. అయితే 25 వేలకు కాదు, పెద్దాయన ఊరు వెళ్లాక అసలే కాదు. పాత బండి అనగానే అందరి దృష్టీ ఇంజన్ మీదకే పోతుంది. ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, ఎంత మైలేజీ ఇస్తుంది, పొగ వస్తోందా అని అడుగుతారు. అడగాల్సినవే, కానీ ముందు అడగాల్సినవి కావు. ఇంజన్‌లో లోపం ఎంత పెద్దదైనా దానికొక ధర ఉంటుంది. పిస్టన్, రింగులు మార్చి బోరింగ్ చేయిస్తే బండి మళ్లీ దారిలో పడుతుంది. కాగితాల్లో లోపానికి అలా ధర కట్టలేం. తీరని ఫైనాన్సు, కలవని ఛాసిస్ నంబరు, దొరకని యజమాని, వీటిలో ఏ ఒక్కటున్నా మంచి ఇంజన్ కూడా మీ చేతిలో పనికిరాని ఇనుమే అవుతుంది. అందుకే ఈ బండి గురించి మీరు తేల్చుకోవాల్సినవి వరసగా మూడు: కాగితం, లెక్క, ఆ తర్వాతే యంత్రం.

ముందు మీ తమ్ముడి మాట చూద్దాం. పదిహేనేళ్లకు బండి తుక్కైపోతుందన్నది ఢిల్లీ వార్తల నుంచి దేశమంతా పాకిన అభిప్రాయం. అక్కడ గాలి కాలుష్యం వల్ల నేషనల్ గ్రీన్ ట్రిబ్యునల్, సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాలు రాజధాని ప్రాంతానికి సంబంధించినవి. దుర్గ్ జిల్లాలో సొంత వాడకం బండికి వర్తించేది మోటారు వాహనాల చట్టంలోని మామూలు నియమమే: రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు చెల్లుతుంది, ఆపై బండిని ఆర్టీవోలో చూపించి ఐదేళ్ల చొప్పున పొడిగించుకోవచ్చు. మోటార్‌సైకిల్‌కు ఈ పొడిగింపు ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 1,000 రూపాయలు. ఇరవై ఏళ్లు దాటిన వాటికి 2025 ఆగస్టులో 2,000 చేశారు. గడువు దాటాక దరఖాస్తు పెడితే ఆలస్యమైన ప్రతి నెలకూ మరో 300. మీరు చెప్పిన బండికి 2028లో గడువు తీరుతుంది. అప్పుడు దానికి కావాల్సింది సరైన బ్రేకులు, లైట్లు, హారన్, చెరగని ఛాసిస్ నంబరు. తుక్కు మాట అప్పటికి రాదు. కాకపోతే మీ తమ్ముడి భయంలో ఒక నిజం ఉంది: గడువు దగ్గరపడిన బండిని రేపు మీరు అమ్మబోతే కొనేవాళ్లూ ఇదే మాటంటారు. ఆ తగ్గుదల ఇప్పుడే ధరలో కనిపించాలి.

ఇక లెక్క. 25 వేలకూ 90 వేలకూ మధ్య పోటీ అనుకుంటే పాతదే గెలుస్తుంది, కానీ అది సరైన పోలిక కాదు. ఐదేళ్లు వాడి అమ్మితే ఏడాదికి ఎంత పడిందో చూడాలి. పాత బండికి 25 వేలు, మొదట్లోనే టైర్లు, చైన్ స్ప్రాకెట్, బ్రేక్ షూలు, బ్యాటరీ లాంటివాటికి 8 వేలు, ట్రాన్స్‌ఫర్ ఖర్చులకు 2 వేలు అనుకోండి. ఐదేళ్ల తర్వాత 10 వేలు తిరిగొస్తే ఏడాదికి 5 వేలు పడినట్టు. దానికి ఏటా మరమ్మతులు, థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు కలిపి 4 వేలు చేర్చితే 9 వేలు. కొత్తది 90 వేలు రొక్కం పెట్టి కొని, ఐదేళ్లకు 45 వేలకు అమ్మితే అదీ ఏడాదికి 9 వేలే. ఐదేళ్ల థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు కొనేటప్పుడే ఆ ధరలో కలిసి ఉంటుంది. అంటే రొక్కం ఉన్నవాళ్లకు పాత బండిలో లాభం దాదాపు లేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ లోపు బండ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగాక కొత్త బండి ధర సుమారు 8 శాతం తగ్గింది. పాత బండి అమ్మేవాళ్లు చాలామంది ఇంకా ఆ తగ్గింపును తమ ధరలో చూపించడం లేదు.

కానీ మీ దగ్గర రొక్కం లేదు, లెక్క తిరిగేది ఇక్కడే. 20 వేలు కట్టి 70 వేలు అప్పు తీసుకున్నారనుకుందాం. ఏడాదికి 10 శాతం ఫ్లాట్ వడ్డీ చొప్పున మూడేళ్లకు 21 వేలు వడ్డీ, నెలకు కిస్తీ 2,500 పైన. అప్పుడు కొత్త బండి ఏడాదికి 13 వేలు దాటుతుంది. ఆ నాలుగు వేల తేడా కన్నా నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది మీ అబ్బాయి ఉద్యోగం. కాంట్రాక్టు మారితే పని ఆగవచ్చు, నెలో రెండు నెలలో ఖాళీగా ఉండాల్సి రావచ్చు. కిస్తీ మాత్రం ఆగదు. ఉద్యోగం కుదురుకోని మొదటి రెండేళ్లు అప్పు లేకుండా గడవడమే ఆ పిల్లవాడికి అసలు లాభం. అందుకే ఈ విషయంలో మీ ఇంటావిడ మాటతో ఏకీభవిస్తున్నాను. చేతిలో 90 వేలుండి అడిగి ఉంటే కొత్తదే కొనమనేవాణ్ని.

ఇప్పుడు కాగితాల దగ్గరకు వద్దాం. తెలిసిన మనిషి, పెద్దాయన, మోసం చేయరు, ట్రాన్స్‌ఫర్ తీరిగ్గా చేయించుకోవచ్చు అని మీకు అనిపిస్తుంది. ఆయన మంచితనాన్ని నేనూ శంకించడం లేదు. చిక్కు ఆయన ఊరు మారడంతోనే వస్తుంది. క్వార్టర్ ఖాళీ చేసి వెళ్లాక సంతకం తేడా వచ్చినా, పాత ఫోన్ నంబరుకు ఓటీపీ వెళ్లినా, ఆర్టీవో వాళ్లు మనిషిని రమ్మన్నా మీరేం చేస్తారు? ఆయనకు ఏమైనా అయితే వారసుల కాగితాలు కావాలి, అది వేరే దరఖాస్తు, వేరే తిరుగుడు. చట్టం ప్రకారం రాష్ట్రంలోపల అమ్మినవాళ్లు 14 రోజుల్లో, కొన్నవాళ్లు 30 రోజుల్లో ఆర్టీవోకు తెలపాలి. ఫారం 29 మీద ఆయన, ఫారం 30 మీద ఇద్దరూ సంతకాలు చేయాలి. ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టించి ఇంట్లో దాచుకోవడం ట్రాన్స్‌ఫర్ కాదు. ఈ పని ఆయనకూ అవసరమేనని నొచ్చుకోకుండా చెప్పండి. నవీన్ కుమార్ వర్సెస్ విజయ్ కుమార్ కేసులో 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది: బండి ఎన్ని చేతులు మారినా, ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత ఆర్టీవో రికార్డులో పేరున్న యజమానిదే. రిటైరైన మనిషి ఊళ్లో ప్రశాంతంగా ఉండాలంటే ఇక్కడ దుర్గ్‌లో ఆ పేరు మారి తీరాలి. కాబట్టి పూర్తి డబ్బు ఒకేసారి ఇవ్వకండి. కొంత బయానా ఇచ్చి, దరఖాస్తు ఆన్‌లైన్‌లో ఎక్కి రసీదు వచ్చాక మిగతాది ఇస్తానని చెప్పండి. మంచివాళ్లు దీన్ని తప్పుపట్టరు.

బయానాకు ముందే ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి చూడండి. యజమాని పేరు, రిజిస్ట్రేషన్ తేదీ, ఇన్సూరెన్సు గడువు, ఫైనాన్సు ఉందా లేదా కనిపిస్తాయి. ఎప్పుడో తీరిపోయిన అప్పు కూడా రికార్డులో అలాగే మిగిలి ఉండటం మామూలే. అలా ఉంటే బ్యాంకు ఎన్‌వోసీ, ఫారం 35 పెద్దాయనే తెచ్చివ్వాలి. ఈ-చలాన్ల బాకీ విడిగా చూడాలి. ఇన్సూరెన్సు నడుస్తూ ఉంటే కొన్న 14 రోజుల్లో మీ పేరుకు మార్పించుకోండి. లేకుంటే కొత్తగా తీసుకోవాలి. స్ప్లెండర్ 97.2 సీసీ కాబట్టి 2022లో ప్రకటించిన రేటు ప్రకారం థర్డ్ పార్టీ ప్రీమియం 714 రూపాయలు, జీఎస్టీ అదనం. అది లేకుండా దొరికితే మొదటిసారికే 2,000 జరిమానా. 2019 ఏప్రిల్‌కు ముందు బండి కాబట్టి హై సెక్యూరిటీ నంబరు ప్లేటు బిగించారో లేదో చూడండి. చివరగా, హ్యాండిల్ కింద మెడ మీద కొట్టిన ఛాసిస్ నంబరును టార్చి వేసి ఆర్సీతో అంకె అంకె కలిపి చూసుకోండి.

యంత్రం గురించి చెప్పాల్సింది తక్కువే, ఎందుకంటే ఈ మోడల్‌కు విడిభాగాలు ఎక్కడైనా దొరుకుతాయి, రోడ్డు పక్క మెకానిక్‌కూ దీని పని తెలుసు. పొద్దున్నే వెళ్లండి, ముందుగా స్టార్ట్ చేసి ఉంచవద్దని చెప్పండి. ఇంజన్‌కు చెయ్యి తాకించి చల్లగా ఉందని చూసుకుని కిక్ కొట్టండి. కాసేపు నడిపాక సైలెన్సర్ నుంచి నీలి పొగ ఆగకుండా వస్తుంటే ఇంజన్ ఆయిల్ కాలుతోందన్న మాట. మీటరు అంకెను నమ్మొద్దు, లెక్కతో పోల్చండి. రోజుకు పదిహేను కిలోమీటర్లు, ఏడాదికి మూడు వందల రోజులు అనుకుంటే పదమూడేళ్లకు 58 వేలు దాటాలి. మీటరు 22 వేలు చూపిస్తే, కేబుల్ ఎన్నాళ్లు తెగి ఉందో అడగండి. టైరు పక్కన నాలుగంకెల ముద్ర ఉంటుంది. 3418 అంటే 2018లో 34వ వారంలో తయారైందని. గాడి ఎంత లోతుగా ఉన్నా, రబ్బరు గట్టిపడి పగుళ్లిచ్చిన టైరు వాన రోడ్డు మీద పట్టు ఇవ్వదు.

రెండు అభ్యంతరాలు గట్టివి, వాటిని తేలిగ్గా తీసేయలేను. మొదటిది పెట్రోలు. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసినది, 2013 బండిని దానికి తగ్గట్టు తయారు చేయలేదు. పాత డిజైన్ ద్విచక్ర వాహనాలకు దీనివల్ల మైలేజీ 3 నుంచి 4 శాతం తగ్గవచ్చని నీతి ఆయోగ్ 2021లో అంచనా వేసింది. ఆ నష్టం చిన్నదే. పట్టించుకోవాల్సింది రబ్బరు భాగాలను: పెట్రోలు పైపు, కార్బొరేటర్ గ్యాస్కెట్లు మార్పించేయండి, ఖర్చు తక్కువ. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది కాబట్టి వర్షాకాలంలో బండిని వారాల తరబడి కదపకుండా ఉంచకండి. కొనేముందు ట్యాంకు మూత తీసి లోపల తుప్పుందేమో చూడండి. రెండోది బ్రేకులు, ఇది నిజంగా బరువైన అభ్యంతరం. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ లోపు కొత్త బండ్లన్నిటికీ కాంబి బ్రేకు తప్పనిసరి. ఒక్క పెడల్ తొక్కితే రెండు చక్రాలకూ బ్రేకు పడుతుంది. ఈ బండికి అది లేదు. రాత్రి పదికి షిఫ్టు దిగి, లారీల మధ్య జీఈ రోడ్డు మీద ఇంటికి వచ్చే కుర్రవాడికి ఆ తేడా చిన్నది కాదు. దాన్ని పూర్తిగా పూడ్చలేం గానీ, ముందు వెనక బ్రేక్ షూలు, రెండు టైర్లు, హెడ్‌లైట్ బల్బు కొన్న రోజే మార్పించి, ఐఎస్ఐ ముద్ర ఉన్న హెల్మెట్ కొంటే చాలావరకు తగ్గించవచ్చు. పైన చెప్పిన 8 వేలు అందుకే. ఆ డబ్బు మిగలకపోతే బండి కొనవద్దు.

ధర విషయంలో నా మాట 18 వేలు. అప్పుడు ఏడాదికి పడేది 7,600 అవుతుంది, కొత్తదానికన్నా నిజంగా తక్కువ, మీ 30 వేలలో పనులన్నీ సరిపోతాయి. 20 దాకా వెళ్లినా నష్టం లేదు. అంతకు మించి అడిగితే, లేదా ట్రాన్స్‌ఫర్ ఊరెళ్లొచ్చాక చూద్దామంటే, మర్యాదగా వదిలేసి ఇంకొకటి వెతుక్కోండి.

ప్రశ్న: నేనూ ఖుర్సీపార్‌లోనే ఉంటాను. శ్రీకాకుళంలో మా మామయ్య ఏపీ 30 నంబరు బండి ఊరికే ఇస్తానంటున్నారు. తెచ్చుకోనా?

జవాబు: ఊరికే వచ్చినా మీకు ఖర్చే. వేరే రాష్ట్రం బండిని ఇక్కడ పన్నెండు నెలలకు మించి ఉంచితే ఛత్తీస్‌గఢ్ నంబరు వేయించుకోవాలి. అందుకు శ్రీకాకుళం ఆర్టీవో నుంచి ఫారం 28 మీద ఎన్‌వోసీ, దుర్గ్‌లో కొత్త రిజిస్ట్రేషన్, బండి వయసును బట్టి ఇక్కడి పన్ను, ఆపైన పేరు మార్పు. 2024 సెప్టెంబరులో దుర్గ్–విశాఖ వందే భారత్ వచ్చాక మనుషుల రాకపోకలు సులువయ్యాయి గానీ ఈ కాగితాల పని మాత్రం రెండు ఆఫీసుల మధ్య ఎప్పటిలాగే ఉంది. బండి ఐదారేళ్ల లోపుదైతే ఆ శ్రమకు ఫలితం ఉంటుంది. పదేళ్లు దాటినదైతే మామయ్యగారిని అక్కడే అమ్మమని చెప్పి, ఆ డబ్బు పెట్టి సీజీ 07 బండి చూసుకోండి.