ఎక్కడినుంచి మాట్లాడుతున్నారు?

మీ ఇంట్లో ఒకరికి ఉన్నట్టుండి ప్రాణం మీదికి వచ్చింది. మీరు 108కి ఫోను చేశారు. అవతలివారు మొదట అడిగే ప్రశ్నల్లో ఒకటి, "ఎక్కడినుంచి మాట్లాడుతున్నారు?" అని. చాలామందికి ఇక్కడే కోపం వస్తుంది. "మనిషి పోతుంటే ఆరాలు తీస్తారేంది?" అంటారు. ఆ కోపం నాకు అర్థమవుతుంది. అయినా ఆ ప్రశ్నకు సరైన జవాబు అందేవరకు బండి ఎటు కదలాలో ఎవరికీ తెలియదు. రోగి బంధువులు నేర్చుకోవలసిన ప్రథమ చికిత్సలో ఈ జవాబు కూడా ఒక భాగమని నా అభిప్రాయం. అందుకే ఈ పాఠం.

ముందు నాకు జరిగిన సంగతి చెబుతాను. కొన్నేళ్ళ క్రితం నేను వేరొక ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలో ఉన్నాను. రెండంతస్తుల భవనం, ప్రతి గదిలో ఒక ఇంటర్‌కమ్ ఫోను. రాత్రి రెండు గంటలప్పుడు మా టేబులు మీది ఫోను మోగింది. "సిస్టరమ్మా, పాపకి రక్తం ఆగడంలా, గబాల్న రండమ్మా" అని ఒక పెద్దామె గొంతు. "ఏ రూమమ్మా?" అన్నాను. "మా రూమే" అని ఫోను పెట్టేసింది. మా ఫోను పాతది, ఏ గదినుంచి వచ్చిందో చూపించే తెర దానికి లేదు. ఆ రాత్రి కాన్పయిన ఆడవాళ్ళు నలుగురు, ఇద్దరు కింద, ఇద్దరు పైన. నేనూ ఆయమ్మా ఒక్కొక్క తలుపూ తోసుకుంటూ పరుగెత్తాము. మూడో తలుపు దగ్గర దొరికింది. అప్పటికే పక్కబట్టలు తడిసిపోయి, నాడి సన్నగా కొట్టుకుంటోంది. డాక్టరుగారు వచ్చారు, ఇంజక్షను, సెలైను, తరువాత రక్తం ఎక్కించారు. ఆ అమ్మాయి బతికింది. ఆ తల్లిని నేను ఒక్క మాట అనలేదు. బిడ్డ అట్లా ఉంటే తలుపు మీది నంబరు ఎవరికి గుర్తుంటుంది? మరుసటి వారం ప్రతి ఫోను పైన గది నంబరు పెద్ద అక్షరాలతో రాసి అంటించాము. ఆ పని ముందే చేసి ఉండవలసింది.

ఆ కొద్ది నిమిషాలకు అంత విలువ ఎందుకంటే, కాన్పు తరువాత గర్భసంచి ముడుచుకోకపోతే రక్తస్రావం రెండు గంటల లోపే ప్రాణం తీయగలదు. గుండె ఆగిపోయిన మనిషికి అంత సమయం కూడా ఉండదు, నాలుగు నుంచి ఆరు నిమిషాల్లో మెదడు దెబ్బతినడం మొదలవుతుంది.

ఫోను చేస్తే మనం ఎక్కడున్నామో వాళ్ళకు కంప్యూటరులో కనపడదా అని చాలామంది అడుగుతారు. లాడ్జి, హాస్టలు, ఆసుపత్రి వంటి పెద్ద భవనంలో గదిగదికీ ఫోను ఉన్నా బయటకు వెళ్ళే లైన్లు కొన్నే ఉంటాయి. మీరు పై అంతస్తు చివరి గదినుంచి చేసినా ఆ కాల్ భవనం ప్రధాన నంబరు పేరునే బయటకు పోతుంది. అంటే భవనం తెలుస్తుంది గానీ గది తెలియదు. పైగా కొన్నిచోట్ల బయటకు చేయాలంటే ముందు సున్నాయో, తొమ్మిదో కొట్టాలి. అది తెలియనివారు నేరుగా 108 కొడితే కాల్ అసలు బయటికే పోదు.

దీనివల్ల ఎంత నష్టం జరిగిందో అమెరికాలో ఒక కుటుంబం లోకానికి తెలియజేసింది. 2013 డిసెంబరులో టెక్సస్ రాష్ట్రంలోని మార్షల్ అనే ఊళ్ళో, ఒక మోటల్ గదిలో, కారీ హంట్ అనే తల్లిని ఆమెకు దూరంగా ఉంటున్న భర్త చంపాడు. ఆమె తొమ్మిదేళ్ళ కూతురు గదిలోని ఫోనులో అక్కడి అత్యవసర నంబరు 911 నాలుగుసార్లు కొట్టింది. ముందు 9 కొట్టాలని ఆ బిడ్డకు తెలియదు. ఒక్కసారి కూడా కాల్ వెళ్ళలేదు. పిల్లకు ఇంట్లో నేర్పినట్టే పిల్ల చేసింది. కారీ తండ్రి హాంక్ హంట్ ఊరుకోకుండా పోరాడారు. 2018లో ఆమె పేరు మీదనే చట్టం వచ్చింది. 2020 ఫిబ్రవరి 16 తరువాత అక్కడ పెట్టే ఇటువంటి ఫోన్లలో ముందు ఏ అంకే కొట్టకుండా నేరుగా 911 కలవాలి. కాల్ వెళ్ళిన సంగతి భవనంలోని ముందు కౌంటరుకో, కాపలావారికో కూడా తెలియాలి. 2018లోనే వచ్చిన మరొక చట్టం ప్రకారం 2021 జనవరి నుంచి వీధి చిరునామాతోపాటు అంతస్తు, గది వంటి వివరం కూడా కాల్‌తో పాటే అందాలి. మన ప్రాంతపు పిల్లలు చాలామంది అక్కడ ఉద్యోగాలు చేస్తున్నారు గనుక ఇది వాళ్ళకూ పనికివచ్చే సంగతే.

ఇక్కడ మాత్రం ఆ వివరమంతా మన నోటితో మనమే చెప్పాలి.

సెల్‌ఫోను ఉంది గదా అంటారు. సెల్‌ఫోను టవరును బట్టి తెలిసేది ఒక ప్రాంతం మాత్రమే. ఉదయగిరి కొండల దగ్గర, సీతారామపురం అడవి వైపు టవర్లు దూరదూరంగా ఉంటాయి. కొన్ని కిలోమీటర్ల మేర ఏ ఊరైనా కావచ్చు, ఏ పొలమైనా కావచ్చు.

మన ఊళ్ళ పేర్లతో మరొక చిక్కు ఉంది. 108కి చేసే కాల్ మన పక్క ఊరికి పోదు, రాష్ట్రమంతటికీ ఉన్న కేంద్రానికి పోతుంది. మీరు "ఆత్మకూరు" అంటే సరిపోదు. నంద్యాల జిల్లాలో శ్రీశైలం దారిలో ఒక ఆత్మకూరు ఉంది, అనంతపురం జిల్లాలో ఒకటి ఉంది, మంగళగిరి పక్కన ఒకటి ఉంది. తెలంగాణలో వనపర్తి దగ్గర ఇంకొకటి. కొండాపురం మండలం మన జిల్లాలో ఉంది, పక్కనే కడప జిల్లాలోనూ ఉంది. మన కలిగిరి, మదనపల్లె వైపు కలికిరి, ఏడుస్తూ చెబితే రెండూ ఒకటిగానే వినపడతాయి. కాబట్టి ముందు జిల్లా, తరువాత మండలం, తరువాత ఊరు చెప్పండి. "నెల్లూరు జిల్లా, మర్రిపాడు మండలం" అని మొదలుపెడితే అవతలివారి పని సగం తేలికవుతుంది.

ఊరి తరువాత గుర్తు చెప్పాలి. "రామాలయం దగ్గర" అంటే ప్రతి ఊళ్ళోనూ రామాలయం ఉంటుంది, "కాలనీ" అంటే ప్రతి ఊళ్ళోనూ కాలనీ ఉంటుంది. మెయిన్ రోడ్డు మీదనుంచి ఏ ఆర్చి దగ్గర తిరగాలి, నీళ్ళ ట్యాంకు దాటాక కుడికా ఎడమకా, అది చెప్పండి. ఆత్మకూరు మీదుగా బద్వేలు వెళ్ళే హైవే మీద ప్రమాదమైతే దగ్గరలోని కిలోమీటరు రాయి మీద ఏముందో చదివి చెప్పండి. ఏ.ఎస్.పేట దర్గాకు రోగులను తీసుకొని దూరప్రాంతాలనుంచి వచ్చి లాడ్జీల్లో దిగేవారు చాలామంది ఉన్నారు. వారికి మండలం పేరు అనుమసముద్రంపేట అని తెలియకపోవచ్చు. గదిలో దిగిన రోజే లాడ్జి పేరు, అంతస్తు, గది నంబరు ఒక కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి. గదిలో ఫోను ఉంటే బయటకు ఎట్లా చేయాలో కౌంటరులో అడగండి. అడిగినందుకు ఎవరూ నవ్వరు.

108 మన రాష్ట్రంలో 2005 ఆగస్టు 15న మొదలైంది గనుక అందరికీ అలవాటైన నంబరే. పోలీసు, ఫైరు, అంబులెన్సు అన్నింటికీ కలిపి 112 కూడా ఉంది. ఫోనులో సిగ్నల్ లేక "ఎమర్జెన్సీ కాల్స్ ఓన్లీ" అని కనపడుతుంటే 112 కొట్టి చూడండి, వేరే కంపెనీ టవరు మీద కలవవచ్చు.

ఇంకొక పొరపాటు తరచుగా చూస్తున్నాను. ఊళ్ళో ఒంటరిగా ఉన్న తల్లికి గుండెల్లో నొప్పి వస్తే హైదరాబాదులోనో బెంగుళూరులోనో ఉన్న కొడుక్కి ఫోను చేస్తుంది. అతను అక్కడినుంచి 108 కొడతాడు. అది అతనున్న రాష్ట్రపు కేంద్రానికి పోతుంది. కువైట్‌లో ఉంటే ఆ నంబరు మనవాళ్ళకు కలవదు. ఆ కొడుకు చేయవలసింది పక్కింటివారికి ఫోను చేసి, వారిచేత ఊళ్ళోనుంచే 108 చేయించడం. మీ పక్కింటివారి నంబరు మీ పిల్లల దగ్గర ఉందా? ఈ రోజే పంపండి.

అవతలివారు చెప్పేవరకు ఫోను పెట్టవద్దు. పెట్టిన తరువాత ఆ ఫోనును ఖాళీగా ఉంచండి. బండి పైలట్ దారి అడగడానికి దానికే చేస్తాడు. ఆ సమయంలో మీరు చిన్నాన్నకూ మేనత్తకూ కబురు చెబుతూ ఉంటే అతనికి లైను దొరకదు. బంధువులకు వేరే ఫోనునుంచి చెప్పండి. రాత్రిపూట ఒక మనిషిని టార్చిలైటుతో ఊరి మొదట్లో నిలబెట్టండి. పెద్ద భవనంలో ఉంటే వాచ్‌మన్‌కు చెప్పి గేటు తీయించండి.

ఇంట్లో గోడ మీద అంటించుకోవడానికి చీటీ ఇట్లా రాసుకోవచ్చు: "నెల్లూరు జిల్లా, ఉదయగిరి మండలం, ఫలానా ఊరు. మెయిన్ రోడ్డు ఆర్చి నుంచి లోపలికి అర కిలోమీటరు. పాల కేంద్రం ఎదురు సందు, ఎడమవైపు మూడో ఇల్లు. మా ఫోను నంబరు ఇది." ఇంట్లో పిల్లలు చదవగలిగేటంత పెద్ద అక్షరాలతో రాయండి. కంగారులో ఉన్న పెద్దవారికన్నా పదేళ్ళ పిల్ల దాన్ని చూసి స్పష్టంగా చదువుతుంది.

ఇప్పుడు మీరు ఈ పుస్తకం మా ఆసుపత్రిలోనే చదువుతున్నారేమో. ఒకసారి తల ఎత్తి తలుపు పైన చూడండి. ఇది ఏ వార్డు, ఏ అంతస్తు, మీ వారిది ఎన్నో నంబరు మంచం? చూడకుండా చెప్పగలిగితే మీ పక్క మంచం వారి బంధువును కూడా అడగండి.