బార్కాల్డిన్‌లో ఐదు మాసములు

ఆస్ట్రేలియాలో ఋతువులు మన ఋతువులకు తలక్రిందులు. జూన్ మొదలు ఆగష్టువరకు అచట శీతకాలము. ఆ దినములలో దక్షిణ తీరమునగల మెల్బోర్న్ నగరమున చలిగాలులు వీచుచు, జల్లులు పడుచుండగా, ఉత్తరముగా రెండువేల కిలోమీటర్లు పోయినచో ఆకాశము నిర్మలముగను, ఎండ హాయిగను ఉండును. అందుచేత ఉద్యోగములు విరమించిన దంపతులు వేలకొలదిగా ప్రతి యేటను కారునకు వెనుక చక్రముల యిల్లొకటి తగిలించుకొని, ఆ యెండను వెదకుకొనుచు బయలుదేరుదురు. ఆ యింటిని కారవాన్ అందురు. మంచము, పొయ్యి, నీళ్లతొట్టి అన్నియు అందే యుండును. ఇట్లు తిరుగువారికి ఆ దేశీయులు పరిహాసముగా 'నెరసిన సంచారులు' అని పేరు పెట్టిరి.

2009వ సంవత్సరము మే మాసాంతమున అట్టి దంపతులిరువురు మెల్బోర్న్ విడిచిరి. భర్త నలువది సంవత్సరములు ఇండ్లకు నీటిగొట్టములు అమర్చు వృత్తిలో గడిపినవాడు. భార్య ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయినిగా పనిచేసి విరమించినది. పండ్రెండేండ్లనుండి ఆ ప్రాంతమున వానలు సరిగా లేవు. నగరమునకు నీరిచ్చు జలాశయములలో మూడవవంతు నీరైనను లేకుండెను. మనిషికి దినమునకు 155 లీటర్లకు మించి వాడవలదని ప్రభుత్వము ప్రజలను కోరెను. అది మన పల్లెలలో ఒక కుటుంబమునకు చాలునని కొందరనవచ్చును. కాని గొట్టము త్రిప్పిన నీరు వచ్చుటకు తరతరములుగా అలవాటుపడినవారికి అది పెద్ద కట్టడియే. ఆ యిల్లాలు స్నానశాలలో బకెట్టు ఉంచి, అందు పడిన నీటితో పెరటిలోని నిమ్మచెట్టును బ్రతికించుకొనుచుండెను. పయనమగునప్పుడు ఆ చెట్టును పొరుగింటివారికి ఒప్పగించి, బకెట్టును గూడ వారికే ఇచ్చి వచ్చినది.

వారు బర్క్, కన్నమల్లా, చార్లెవిల్, బ్లాకాల్ అను ఊళ్లమీదుగా క్వీన్స్‌లాండ్ రాష్ట్రపు నడిభాగమునగల బార్కాల్డిన్ చేరిరి. అచట పది దినములుండి, సముద్రతీరమునకు పోవలెనని వారి సంకల్పము.

బార్కాల్డిన్ చిన్న ఊరు. జనసంఖ్య రెండువేలు కూడ లేదు. 1886లో రైలుమార్గము వచ్చుటతో అది పుట్టినది. అంతకు పూర్వము ఆ నేల ఇనింగై అను ఆదిమజాతివారిది. ఊరి వీధులకు ఓక్, యాష్, బీచ్, ఎల్మ్ అని చెట్ల పేర్లు పెట్టుటవలన, చెప్పగా వినువారికి అది ఆంగ్లదేశపు తోటవలె తోచును. చుట్టును చూచినచో ఎండిన గడ్డిబయళ్లు, ఎర్రని ధూళి. అయినను ఊరిలోని యిండ్లముందు తోటలు పచ్చగా నుండును.

రైలు స్టేషను ముంగిట ఒక చెట్టు కలదు. సరిగా చెప్పవలెనన్న, ఒక చెట్టు యొక్క మొండెము కలదు. 1891లో గొఱ్ఱెల ఉన్ని కత్తిరించు కార్మికులు ఆ ప్రాంతమున గొప్ప సమ్మె చేసిరి. ఆ చెట్టుక్రింద వారు సభలు జరుపుకొనిరి. ప్రభుత్వము సైనికులను పంపి సమ్మెను అణచి, నాయకులను చెరసాలలో నుంచెను. ఆ దేశపు లేబర్ పార్టీ పుట్టుకకు ఆ సమ్మె యొక కారణమని చెప్పుదురు. 'జ్ఞానవృక్షము' అని పేరుపొందిన ఆ తెల్లని మ్రానుగల చెట్టునకు 2006లో ఎవరో విషము పోయగా అది మరణించినది. దాని మొండెమును కాపాడి, పైన వేలకొలది కొయ్యముక్కలను కొమ్మలవలె వ్రేలాడదీసి కట్టిన స్మారకమందిరమును 2009 మే నెలలోనే తెరచిరి. మన దంపతులు ఊరు చేరిన మరునాడు చూడబోయినది దానినే. ఆ మందిరమున నిలిచి, "చెట్టునకు నీరు పోయలేక మనము వగచుచుంటిమి. ఇచట విషము పోసినవారు కూడ నున్నారు," అని భార్య అనెను.

కారవానులు నిలుపు మైదానమున వారు గమనించిన విషయమొకటి కలదు. కొళాయినుండి వచ్చు నీరు వాననీరు కాదు, ఏటినీరు కాదు. అది పాతాళగంగ.

ఆస్ట్రేలియా ఖండములో దాదాపు ఐదవ వంతు భాగమున, అనగా సుమారు 17 లక్షల చదరపు కిలోమీటర్ల మేర, భూమిలోపల ఒక మహాజలనిధి కలదు. దానిని గ్రేట్ ఆర్టీసియన్ బేసిన్ అందురు. తూర్పున ఎత్తుగానున్న కొండలవరుసమీద పడిన వాన ఇసుకరాతి పొరలలోనికి ఇంకి, మెల్లమెల్లగా పడమరకు సాగును. ఆ పొరలకు పైన నీటిని చొరనీయని మట్టిరాతి పొర మూతవలె నుండును. మేడమీది తొట్టినుండి క్రిందికి వచ్చు గొట్టమునకు చిల్లు పడినచో నీరెట్లు పైకి చిమ్మునో, ఆ మూతకు రంధ్రము చేసినచోట కూడ నీరు తనంతట తానే పైకి వచ్చును. తోడువాడు అక్కరలేదు, యంత్రము అక్కరలేదు. కాని ఆ నీటి నడక మిక్కిలి మందము. ఏడాదికి ఒకటి మొదలు ఐదు మీటర్లు మాత్రమే. అందుచేత కొన్నిచోట్ల వెలువడు నీరు పదిలక్షల సంవత్సరములకు పూర్వము కురిసిన వాన. లోతునుబట్టి అది వేడిగా నుండును. సమీపముననున్న వింటన్ పట్టణపు నీరు ఎనుబది డిగ్రీలకు మించిన వేడితో పైకి వచ్చును; దానిని చల్లార్చిగాని ఊరికి ఇయ్యరు.

1878లో బర్క్ పట్టణమునకు సమీపమున మొదటి ధార పైకెగసినది. 1886లో కన్నమల్లా ప్రాంతమునను, 1887లో బార్కాల్డిన్‌లోను నీరు పడినది. అనావృష్టికి గొఱ్ఱెలు మందలుగా చచ్చుచున్న ఆ దేశమున ఆ వార్త ఎట్టి సంతోషము కలిగించెనో ఊహింపవచ్చును. ప్రతి పశుక్షేత్రమువారును బోరు వేయించిరి. వచ్చిన నీటిని మట్టికాలువలు త్రవ్వి మైళ్లకొలది పారించిరి. బోరునకు మూతలేదు, రేయింబవళ్లు నీరు పారవలసినదే. ఆ నీటిలో నూటికి తొంబది పాళ్లకు పైగా ఎండకు ఆవిరియై, నేలలో ఇంకిపోవును. గొఱ్ఱె త్రాగునది శేషము. ఇట్లు నూరేండ్లు గడచునప్పటికి భూమిలోని ఒత్తిడి తగ్గినది. ఎన్నియో బోరులు ప్రవహించుట మానినవి. అంతకంటె ముందే, ఎవరును త్రవ్వకయే సహజముగా ఊరుచుండిన చెలమలు అనేకము ఎండిపోయినవి. బార్కాల్డిన్‌కు ఉత్తరముగా అరమాక్ అను ఊరి కావల ఇంకను నిలిచియున్న కొన్ని చెలమలలో మూడు సెంటీమీటర్లకు మించని యొక చేప కలదు. దాని రెక్కలు ఎరుపు, కన్నులు నీలము. లోకమున మరెచటను అది లేదు. 1990 వరకు దానిని శాస్త్రజ్ఞులెరుగనే యెరుగరు.

ఉపాధ్యాయిని ఈ సంగతులను కొన్నిటిని గ్రంథాలయమున చదివి, కొన్నిటిని పొరుగువారివలన విని, రాత్రి భర్తకు చెప్పెను. అతడు చాలసేపు మాటాడలేదు. "మన బకెట్టు సంగతి వీరికి చెప్పకుము, నవ్వుదురు," అని మాత్రమనెను.

పది దినములు ముగియవచ్చుచుండగా ఒక గొఱ్ఱెల క్షేత్రపు యజమాని మైదానమునకు వచ్చి, గొట్టముల పని తెలిసినవారెవరైన కలరా యని విచారించెను. అట్టి క్షేత్రమును అచట స్టేషను అందురు. అచట రైలు ఆగదు. 1999 నుండి ప్రభుత్వములు, రైతులు చెరికొంత వ్యయము భరించి, పాత బోరులకు మూతలు బిగించి, మట్టికాలువలకు మారుగా గొట్టములు వేయు పథకమొకటి జరుగుచుండెను. అతని బోరు వంతు వచ్చినది. బోరుపని చేయుటకు అనుమతిగల త్రవ్వకపువారు వత్తురు; గొట్టములు పరచుటకే మనుష్యులు దొరకరు. పల్లెల యువకులు గనులకును నగరములకును పోయిరి. పనివాడు భార్యవంక చూచెను. "సముద్రము ఎచటికి పోవును?" అని ఆమె అనెను. మరునాడు వారి చక్రముల యిల్లు ఊరికి అరువది కిలోమీటర్ల దూరమునగల ఆ స్టేషనుకు కదలినది.

అచట యజమానితోపాటు అతని తల్లి యుండెను. ఆమెకు ఎనుబదియెనిమిది ఏండ్లు. ఆ కాలువ ఆమె తండ్రి త్రవ్వించినది. ఇంటి ముందునుండి పారు ఆ వేడినీటి కాలువలోనే ఆమె బాల్యమున స్నానమాడినది, బట్టలు ఉతికినది, ఈత నేర్చినది. దాని గట్టుమీది చెట్లు ఆమె తండ్రి నాటినవి. చలి ఉదయములందు కాలువమీద ఆవిరి లేచుచుండగా బాతులు దిగెడివి. ఆ కాలువను మూయుదురని విన్నది మొదలు ఆమె కొడుకుతో మాటలు తగ్గించినది.

"నాయనా, నీవు నగరమువాడవు," అని యొకనాడామె పనివానితో అనెను. "కరవు వచ్చి పొరుగు చెరువులన్నియు ఎండిన యేడు కూడ ఈ కాలువ ఎండలేదు. దీనిని చంపుటకు ఇంతదూరము వచ్చితివా?"

అతడు జవాబు చెప్పుటకు తడబడెను. ఒత్తిడి, ఆవిరి, లెక్కలు అన్నియు అతనికి తెలియును. కాని ఆమె యడిగినది లెక్క కాదు. "అమ్మా, కాలువ పోవును. నీరు పోదు," అని మాత్రమనెను. ఆమె తల త్రిప్పుకొనెను. ఆమె మాటలోను న్యాయము లేకపోలేదు. నూరేండ్లు పారిన కాలువచుట్టు చెట్లు, పక్షులు, కప్పలు తమ బ్రతుకులు కట్టుకొన్నవి.

పని రెండున్నర మాసములు పట్టినది. నల్లని పాలిథీను గొట్టము చుట్టలుచుట్టలుగా లారీలపై వచ్చెను. ట్రాక్టరుకు కట్టిన ఉక్కుకొఱ్ఱు నేలను చీల్చుచు పోగా గొట్టము ఆ చాలులోనికి దిగును. వేడినీరు తిన్నగా వచ్చినచో పాలిథీను మెత్తబడి పగులును. కావున మొదట ఇనుపగొట్టములలో త్రిప్పి చల్లార్చవలెను. ఆ యేర్పాటునందు ఆ పనివాని నలువదియేండ్ల అనుభవము అక్కరకు వచ్చినది. కొన్ని కిలోమీటర్లకొక తొట్టి కట్టి, ప్రతి తొట్టియందును తేలుబంతిగల కవాటము నమర్చిరి. తొట్టి నిండినంతనే బంతి పైకి తేలి నీరు ఆగును. గొఱ్ఱెలు త్రాగినకొలది మరల వచ్చును. ఉపాధ్యాయిని వంట చూచుటయే గాక, అతుకుల లెక్క వ్రాయుచు, తీరిక వేళ ముసలమ్మ చెంత కూర్చుండి ఆమె చిన్ననాటి కథలు వినుచుండెను. తన నిమ్మచెట్టు సంగతియు, బకెట్టు సంగతియు ఆమె చెప్పినది అప్పుడే. ముసలమ్మ నవ్వలేదు. "స్నానపు నీళ్లా?" అని రెండుమార్లు అడిగి ఊరకుండెను.

ఆగష్టు నెలాఖరున త్రవ్వకపువారు తుప్పుపట్టిన పాత బోరును సిమెంటుతో మూసి, ప్రక్కన వేసిన క్రొత్త బోరునకు కవాటము బిగించిరి. అప్పటికి కాలువలో నీరు ఆగినది. మూడవనాటికి బురద, వారము తిరుగునప్పటికి నెఱ్ఱెలు. బాతులు వచ్చి రెండుచుట్లు తిరిగి పోయినవి. ముసలమ్మ వాకిటికి రాలేదు.

పనివాడు ఎవరితోను చెప్పక, మిగిలిన గొట్టముతో ఇంటిముందరి చెట్లవరకు ఒక కొమ్మ లాగి, అచట ఒక చిన్న తొట్టి పెట్టెను. బోరుమీద ఒత్తిడిని కొలుచు గడియారమువంటి మాపకము కలదు. మొదటిదినమున అది 160 కిలోపాస్కల్ చూపినది. మరునాడు 166. ప్రతి ఉదయమును అతడు పోయి చూచి, పుస్తకమున వ్రాసి, కాఫీ వేళ ఆ సంఖ్య చదువుట ఆచారమైనది. ఒకనాడు అతడు చదువుట మరచెను. మూలనుండి ముసలమ్మ, "ఈ దినమెంత?" అని అడిగెను. అతడు చెప్పెను. "నిన్నటికంటె రెండు హెచ్చు," అని ఆమె అనెను. ఆమె మునుపటి సంఖ్యలన్నియు మనస్సున నుంచుకొన్నది! ఆపైన పుస్తకము ఆమె చేతికే పోయెను.

అక్టోబరులో ఎండలు ముదిరినవి. దంపతులు ఇల్లు కదలింప సిద్ధమైరి. యజమాని కూలి లెక్కగట్టి ఇయ్యబోగా, వారు ప్రయాణమునకు పెట్రోలు ఖర్చు మాత్రము పుచ్చుకొనిరి. సముద్రమును ఆ యేడు వారు చూడనే లేదు.

మెల్బోర్న్ చేరినపిదప ముసలమ్మ వ్రాసిన జాబులు వచ్చుచుండెను. కుశలప్రశ్నకు ముందే, మొదటి పంక్తిలో మాపకపు సంఖ్య యుండెడిది. డిసెంబరులో వచ్చిన జాబు ఇట్లున్నది: "ఈ యుదయము 191. కాలువలో గడ్డి మొలచినది. నాకది చూచుట ఇంకను కష్టముగానే యున్నది. కప్పలు తొట్టివద్దకు వచ్చి చేరినవి. మీ నిమ్మచెట్టు కాచినదా?"