వత్సపాలకుని బాలశిక్ష

శ్రీమద్భాగవత దశమస్కంధమును పారాయణము చేయు గృహములలో చల్దుల ఘట్టము నెఱుగని బాలుడుండడు. యమునాతీరమున గోపబాలురు వలయముగా కూర్చుండి, చిక్కములు విప్పి, ఊరుగాయలు నంజుకొనుచు, ఒకరినొకరు నవ్వించుచు ఆరగించిన వైనమును పోతనామాత్యుడు తెనిగించిన తీరు పెద్దలకును నోరూరించును. అయితే ఆ చల్దికి ముందు జరిగిన చిన్న విషయమును కథ చెప్పువారు తరచుగా దాటివేయుదురు. ప్రొద్దెక్కినది, ఆకలియైనది, ఇచట భుజింతమని చెలికాండ్రతో పలికిన బాలకృష్ణుడు, ఆ మాటతోనే, దూడలు దాపున నీరు త్రాగి మెల్లమెల్లగా పచ్చిక మేయవలయుననియు చెప్పెను. పిల్లలు దూడలకు నీరు త్రాపి, పచ్చికపట్టున నిలిపిన పిమ్మటనే తమ చిక్కములను విప్పిరి.

ఇది కేవలము కథాలంకారము కాదు. బృందావనమునకు చేరిన తరువాత రామకృష్ణులు మొదట వత్సపాలకులైరనియు, పౌగండవయస్సు వచ్చిన పిమ్మటనే గోపాలకులైరనియు భాగవతము స్పష్టముగా చెప్పుచున్నది. ఐదేండ్ల వఱకు దూడలు, ఆపైని ఆవులు. కార్తిక శుద్ధాష్టమిని గోపాష్టమిగా జరుపుట ఈ మార్పునకు గుర్తు. నందగోపుని మందలో కాపరులకు కొరత లేదు. అయినను పసివానికి మొదట అప్పగించినది తనంత ఎత్తున్న ప్రాణిని. దూడ తన దాహమును చెప్పలేదు, పిల్లవాడే గమనింపవలయును. తన ఆకలికన్న దాని దాహము ముందని ఆ వయస్సున తెలియుటకు వేఱు పుస్తకము అక్కరలేకపోయెను.

నేటి పట్టణములలో ఈ క్రమము తలక్రిందులైనది. హైదరాబాదు పాతనగరపు ప్రక్కనున్న మలక్‌పేటను చూచినచో ఇది తెలియును. గోల్కొండ నేలిన అబ్దుల్లా కుతుబ్‌షా సేవకుడగు మాలిక్ యాకూబ్ పేర వెలసినదని చెప్పబడు ఈ పేటలో జంతువులు లేకపోలేదు. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ కాలమున, 1886లో, ఇచటికి వచ్చిన గుఱ్ఱపు పందెముల మైదానము నేటికిని కలదు. ఉల్లిగడ్డల టోకు వ్యాపారమునకు పేరుపొందిన గంజ్ కలదు. వీధి మలుపులలో ఆవులు తిరుగుచునే యుండును. కాని అంతస్తుల ఇంట పెరుగు శిశువునకు మొదట పరిచయమగునది పాలపొట్లము. పిమ్మట పుస్తకములోని ఆవుబొమ్మ. ఆ పిమ్మట ఏ శుక్రవారమునాడో వాకిట నిలిచిన ఆవు. దూడ మాత్రము కంటబడుట అరుదు. ఆవు పాలిచ్చునని నేర్చిన శిశువు ఆవునకు ఏమి కావలయునో నేర్వడు.

వాకిట నిలిచిన ఆవునకు శిశువుచేత ముద్ద పెట్టించుట మంచి ఆచారమే. దానికి గోగ్రాసమని పేరు. సంస్కృతమున గ్రాసమనగా ఒక్క కబళము. తెలుగున గ్రాసమనగా పశువుల మేత. ఈ రెండర్థములలో దేనిని గ్రహించినను గంపెడు పులిహోర రాదు. పండుగనాడు మిగిలినదానిని, పెండ్లిలో మిగిలినదానిని, చక్కెరపొంగలిని, ఇడ్లీలను పుణ్యమని ఆవు ముందు కుమ్మరించు ఆస్తికులు కలరు. వారి భక్తి శంకింపదగినది కాదు. కాని ఆవు కడుపు భక్తి నెఱుగదు. దాని ఉదరము నాలుగు అరలుగా నుండును. మొదటి పెద్ద అరలో కంటికి కనబడని సూక్ష్మజీవులు కోట్లకొలది చేరి గడ్డిని నిదానముగా పులియబెట్టి జీర్ణము చేయును. ఆవు దినమునకు ఇంచుమించు 8 గంటలు నెమరువేయుట ఇందులకే. అలవాటులేని పశువు వండిన అన్నమును, పిండివంటలను ఒక్కసారిగా మెక్కినచో ఆ పులియుట మితిమీరి, కడుపులో ఆమ్లము పెరుగును. పశువు మేత మానును, లేవలేక పడిపోవును; ఒకటి రెండు దినములలోనే ప్రాణము పోవుటయు కలదు. బాలకృష్ణుడు మెల్లమెల్లగా మేయవలయునని యేల పలికెనో పశువైద్యుని అడిగినచో చక్కని వ్యాఖ్యానము లభించును.

పారవేసిన ఉల్లిగడ్డలు మఱియొక ముప్పు. వానిని అధికముగా తిన్న ఆవుల రక్తములోని ఎఱ్ఱకణములు పగిలి, మూత్రము ఎఱ్ఱబారి, పశువు నీరసించును. ఉల్లిబజారున్న పేటలోని పిల్లలకు ఈ మాట తప్పక చెప్పవలయును. ప్లాస్టిక్ సంచిలో ముడివేసి విసరిన ఎంగిలి సంగతి సరేసరి. ఆవు ముడి విప్పజాలదు; సంచితో సహా మ్రింగును; ఆ సంచి కడుపులోనే పేరుకొనిపోవును.

అయినచో శిశువునకు ముందుగా నేర్పవలసినదేమి? ముద్దకు ముందు నీరు. పాలిచ్చు ఆవు దినమునకు 40 మొదలు 60 లీటర్ల వఱకు నీరు త్రాగును. వేసవిలో ఇంకను అధికము. ఇంటి బకెట్టు 15 లీటర్లదైనచో ఎన్ని బకెట్లగునో పిల్లవానినే లెక్క కట్టుమనవచ్చును. గేటు ప్రక్కన నీడపట్టున నొక తొట్టి నుంచి, ప్రతిదినము కడిగి నింపు పనిని పెద్దల తోడుతో ఆఱేండ్లవానికి అప్పగింపవచ్చును. కడుగుట ముఖ్యము. పాచిపట్టిన నీటిని పశువు వాసన చూచి విడిచిపోవును.

కాళిదాస మహాకవి రఘువంశమున దిలీపుడు 21 దినములు నందినీధేనువును సేవించిన విధము వర్ణింపబడినది. రుచిగల గడ్డిని కబళములుగా అందించుట, ఒడలు గోకుట, జోరీగలను తోలుట, ఇచ్చవచ్చినట్లు తిరుగనిచ్చుట. ఈ నాలుగింటిలో మూడింటికి వెల లేదు. చక్రవర్తి చేసిన ఆ సేవలో బాలునికి చేతకానిది మిక్కిలి స్వల్పము.

అన్ని ప్రాణుల అవసరములు ఒక్క తీరున నుండవనుటయు వెంటనే చెప్పవలయును. బురదలో పొర్లు బఱ్ఱెను చూచి పిల్లలు ముక్కు మూసికొందురు. బఱ్ఱె చర్మమున స్వేదగ్రంథులు ఆవునకున్నన్ని లేవు. నల్లని ఒడలు ఎండను పీల్చును. నీరో బురదో లేనిదే దాని తాపము చల్లారదు. మేక తల ఎత్తి ఆకులలములకై చూచును, గొఱ్ఱె తల వంచి గడ్డి కొఱుకును. కోడికి పండ్లు లేవు కనుక చిన్న రాళ్ళు మ్రింగి వానితో గింజలను నలుపుకొనును. ఒడలు శుభ్రపఱచుకొనుటకు దానికి నీరు కాదు, దుమ్ము కావలయును. పందెపు మైదానము వారి గుఱ్ఱము గడ్డి మేసినను నెమరువేయదు. దాని కడుపు చిన్నది. కొంచెము కొంచెముగా పలుమారులు మేయవలయును.

ఇక దూడ సంగతి. రోగములను నిరోధించు శక్తి గర్భములో తల్లి రక్తమునుండి దూడకు చేరదు. అది ముఱ్ఱుపాలలో కలదు. పుట్టిన ఒకటి రెండు గంటలలోనే దూడ ఆ పాలు త్రాగవలయును. ఒక దినము గడచినచో త్రాగినను దాని ప్రేగులు ఆ శక్తిని గ్రహింపజాలవు. జున్ను తెలుగువారికి ప్రీతికరము, ఇరుగుపొరుగులకు పంచుట మర్యాద. కాని పళ్ళెములో జున్నుముక్క పడినప్పుడు, ఇది దూడ త్రాగగా మిగిలినదేనా యని పిల్లవాడు అడుగవలయును. అడిగినచో పెద్దలు కసరరాదు. తన పాలు త్రాగుమని నందిని స్వయముగా చెప్పినను, దూడ త్రాగగా, హోమమునకు పోగా మిగిలినదానినే, గురువు అనుమతితో గ్రహింతునని దిలీపుడు విన్నవించెను. కౌటిల్యుడు ఇంకను కఠినుడు. శిశిర వసంత గ్రీష్మములందు దినమునకు ఒక్కసారియే పితుకవలయుననియు, రెండవసారి పితికినవాని బొటనవ్రేలు ఖండింపవలయుననియు ఆయన విధించెను. అంతటి శిక్ష నేడెవ్వరును కోరరు. కాని పితుకుటకు ఒక హద్దు కలదని ఆ కాలపు రాజ్యమే యెఱిగియుండెను.

మలక్‌పేట మీదుగా పోవు విజయవాడ బాటన నల్లగొండ పల్లెలకు చేరుట కష్టము కాదు. సంక్రాంతి సెలవులలో బంధువుల ఊరికి పోయినప్పుడు, కనుమనాడు కొమ్ములకు రంగులు పూయుటతో సరిపుచ్చక, పిల్లవానిని ప్రొద్దుటనే కొట్టము కడకు తీసికొనిపోవలయును. పశువునకు వెనుకనుండి పోరాదనియు, దానికి కనబడుచు ప్రక్కనుండి నెమ్మదిగా చేరవలయుననియు ముందు చెప్పి, పాలుమఱచు దూడ నొకదానిని నీటితొట్టి వఱకు తోలుకొనిపోవు పని నీయవలయును. అది త్రాగి తల ఎత్తిన తరువాతనే ఇంట వానికి చల్ది. ఆవు పలుపు పట్టుకొందునని మారాము చేసినచో, అది వచ్చు సంవత్సరమునకని చెప్పవచ్చును.