సిర చివరికి

ఆపరేషన్ థియేటర్ మానేసి ఆరేళ్ళయింది. చేతులు ఇంకా వణకవు గాని, మైక్రోస్కోపు ముందు ఐదారు గంటలు నిలిచే నడుము లేదు. వెన్నుకు కత్తి పట్టినవాడికి వెన్నే మొరాయించడం చూసి మా ఆవిడ నవ్వుతుంది. వెన్నులో రక్తనాళాల గడ్డలకు నేను కత్తి పట్టినవి కొద్ది. అయినా నిద్ర పట్టని రాత్రి గుర్తొచ్చేవి అవే.

1. కనబడిందల్లా కత్తికి పని కాదు.

వెన్నుపూస ఎముకలో హీమాంజియోమా అనే రక్తనాళాల గడ్డ నూటికి సుమారు పదిమందికి ఉంటుంది. ఎక్స్‌రేలో కిటికీ ఊచల్లా నిలువు గీతలు, సీటీలో చుక్కల చీర పరిచినట్టు తెల్లటి చుక్కలు. అది బాధపెట్టేది ఎక్కడో ఒకరిని. ఎంఆర్ఐ కొత్తగా వచ్చిన రోజుల్లో, నడుంనొప్పితో వచ్చిన ఒక టీచరమ్మ రిపోర్టు చదివి "ట్యూమర్" అన్నాను. ప్రమాదం లేనిదనీ, ఏమీ చెయ్యనక్కర్లేదనీ ఆ వెంటనే చెప్పాను. ఆ వెంటనే చెప్పింది ఆవిడ చెవికి ఎక్కలేదు. నాలుగేళ్ళ తర్వాత వేరే పని మీద వచ్చి, బిందె ఎత్తడం మానేశాననీ, మనవణ్ణి ఒక్కసారీ ఎత్తుకోలేదనీ చెప్పింది. నేను ఆవిడకు ఒక్క గాటు కూడా పెట్టలేదు.

2. చెప్పుల సంగతి అడుగు.

నడక తేడా చేసిందని వచ్చినవాళ్ళని మా గురువుగారు ముందు అడిగేది ఒక్కటే: "చెప్పు జారితే తెలుస్తోందా?" తెలిసీ జారుతుంటే కండలో బలం తగ్గింది. తెలియకుండానే ఊడిపోతుంటే, కాలు ఎక్కడుందో మెదడుకు చెప్పే తంతులు దెబ్బతింటున్నాయి. అవి వెన్నుపాముకు వెనకవైపు ఉంటాయి. వెన్నుపాములో వచ్చే రక్తనాళాల గడ్డ హీమాంజియోబ్లాస్టోమా ఎక్కువగా తిష్ఠ వేసేదీ ఆ వైపే.

3. తెచ్చే దారి ముందు, తీసుకెళ్ళే దారి చివర.

హీమాంజియోబ్లాస్టోమాకు రక్తం తెచ్చే ధమనులను ముందు మూయాలి. తీసుకెళ్ళే పెద్ద సిరను గడ్డ పూర్తిగా విడివడ్డాకే కొయ్యాలి. పైన తూము తెరిచే ఉంచి కింద మురుగుకాలవకు అడ్డుకట్ట వేస్తే చేను ఏమవుతుందో రైతుబిడ్డకు చెప్పనక్కర్లేదు. నేను రైతుబిడ్డనే. పరీక్షలో ఈ జవాబు రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను.

ఆ జవాబు థియేటర్లో తప్పిన రోజు బల్ల మీద ఉన్నది ముప్పై దాటని తాపీమేస్త్రి. రెండు భుజాల మధ్య వెన్నుపాము పొర తెరిచాం. శనగగింజంత గడ్డ, పండుమిరప రంగు. చుట్టూ వానపాముల్లా మెలికలు తిరిగిన నాళాలు, అన్నీ ఎరుపే. సిర నీలంగా ఉంటుందని కదా మన చదువు! ఈ గడ్డలోంచి రక్తం ఎంత వడిగా దాటిపోతుందంటే సిర కూడా ధమనిలా ఎర్రబారుతుంది. అన్నిటికన్నా లావుగా, ఎర్రగా ఉన్నదాన్ని ధమని అనుకుని బైపోలార్‌తో మాడ్చి కత్తిరించాను. కాసేపటికే గడ్డ ఉబ్బింది. రంగు తిరిగి వంకాయలా నల్లబడింది. ఆ వెనకే నెత్తురు. సక్షన్ గొట్టం గరగర తప్ప థియేటర్లో మాట లేదు. ఆ కంగారులో గడ్డలోకే దిగాను, అది రెండో తప్పు. దాన్ని ముక్కలు చెయ్యకూడదు. దానికీ వెన్నుపాముకీ మధ్య ఉన్న సన్నటి సందు పట్టుకుని చుట్టూ తిరిగి, గింజను గింజలాగే పైకి తియ్యాలి.

ఇప్పుడు ఐసీజీ అనే రంగుమందు నరంలోకి ఎక్కిస్తే ఏ నాళం ముందు వెలిగిందో, ఏది వెనక వెలిగిందో మైక్రోస్కోపులోనే కనబడుతుంది. నాకు అప్పుడు అది లేదు. అలాగని తప్పించుకోను. యాంజియోగ్రామ్ ఫిల్ములు ముందురోజే నా చేతికొచ్చాయి. పెళ్ళికి వెళ్ళే తొందరలో పది నిమిషాలు చూశాను. నింపాదిగా చూసి ఉంటే ఆ లావుపాటి నాళం అన్నిటికన్నా ఆఖర్న నిండడం కనబడేది.

4. సగం ఆపరేషన్ ముందురోజే అయిపోవాలి.

ఎముకలో నిద్రపోయే హీమాంజియోమా ఒక్కోసారి గర్భిణులకు చివరి నెలల్లో లేస్తుంది. పెరిగిన గర్భసంచి పొట్టలోని పెద్ద సిరను నొక్కితే రక్తం వెన్ను సిరల్లోకి మళ్ళుతుంది. అలా కాన్పయిన పదోరోజున, కాళ్ళు చచ్చుబడి ఒకావిడ వచ్చింది. నాళాలను ముందే లోపల్నుంచి మూసే ఎంబొలైజేషన్ మా దగ్గర లేదు. పెద్ద ఊరికి పంపాల్సింది. "మనమే చేసేద్దాం" అన్నాను. అందులో ఆమె మీద జాలి ఎంతో, నా పేరు మీద మోజు ఎంతో ఇప్పటికీ విడదీయలేను. ఎముకను ముట్టగానే తడిసిన స్పాంజిని పిండినట్టయింది. ఎనిమిది సీసాలు ఎక్కించాం, చివరిది ఆమె మరిదిది. బతికింది, నడిచింది, స్వీట్లు తెచ్చింది. గెలిచిన తప్పు కనక, అది తప్పని ఒప్పుకోవడానికి నాకు మరో రెండు కేసులు పట్టాయి.

అన్నిటికీ ఎముక తెరవనక్కర్లేదు కూడా. 1984లో ఫ్రాన్సులోని అమియాన్‌లో గాలిబెర్, డెరామాన్ అనే డాక్టర్లు మెడ రెండో పూసలోని ఇలాంటి గడ్డలోకి సూదితో ఎముక సిమెంటు ఎక్కించారు. ఇవాళ ముసలివాళ్ళ విరిగిన పూసలకు చేసే వెర్టిబ్రోప్లాస్టీ అక్కడే మొదలైంది.

5. గడ్డ వెనక ఒక ఇల్లు ఉంటుంది.

ఆ తాపీమేస్త్రి తమ్ముడు, అన్న ఆపరేషనైన మూడేళ్ళ తర్వాత, ఒక కన్ను పోయాక వచ్చాడు. వాన్ హిప్పెల్ లిండౌ జబ్బు: మూడో క్రోమోజోమ్‌లోని జన్యువు లోపం, 1993లో గుర్తించారు. తల్లికో తండ్రికో ఉంటే ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశం. కంట్లో, మెదడులో, వెన్నులో, కిడ్నీల్లో, అడ్రినల్ గ్రంథుల్లో గడ్డలు లేస్తాయి. అడ్రినల్ గడ్డను ముందే పట్టుకోకపోతే మత్తు బల్ల మీదే బీపీ ఆకాశానికి ఎక్కుతుంది. అన్నకు ఆపరేషన్ చేసిన నాడు "ఇంట్లో ఎవరికైనా చూపు పోయిందా?" అని నేను అడగలేదు. అడిగితే తమ్ముణ్ణి కంటిడాక్టరు దగ్గరికి పంపేవాణ్ణి. ఇలాంటి ఇళ్ళలో కనబడిన ప్రతి గడ్డా తియ్యరు, బాధ మొదలుపెట్టినదాన్నే తీస్తారు. 2021లో అమెరికాలో ఈ జబ్బుకు వాడే బెల్జూటిఫాన్ అనే మాత్రకు అనుమతి వచ్చింది.

6. తప్పు జరిగితే ఆ ఇంటి గడప తొక్కు.

మేస్త్రికి కాళ్ళలో బలం ఉంది, కాళ్ళు ఎక్కడున్నాయో తెలియదు. నేల చూసుకుంటూ నడుస్తాడు. కరెంటు పోతే ఎక్కడివాడక్కడే ఆగిపోతాడు. పరంజా ఎక్కడం మానేసి సిమెంటు కొట్లో లెక్కలు రాస్తున్నాడు. రెండేళ్ళు అతని చీటీ రాగానే జూనియర్‌కు ఇచ్చి, నేను వార్డులోకి వెళ్ళిపోయేవాణ్ణి. చివరికి ఒక ఆదివారం వాళ్ళ ఊరు వెళ్ళి, ఏ నాళం ముందు కోశానో, ఏది కొయ్యాల్సిందో చెప్పాను.

"అయితే పొరపాటేనా సార్?" అన్నాడు.

"పొరపాటే."

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత వాళ్ళావిణ్ణి పిలిచి టీ పెట్టమన్నాడు. నన్ను సాగనంపడానికి లేచాడు. గడప దగ్గర ఆగి, కిందికి చూసుకుంటూ ఒక కాలు, తర్వాత రెండో కాలు చెప్పుల్లో పెట్టాడు. వీధి దాకా నా మొహం చూస్తూ ఆ ఏటి ఇసుక ధర చెబుతూ వచ్చాడు. ఎడమ చెప్పు మెట్టు దగ్గరే ఉండిపోయింది.